మెజూజా పత్రము - గృహమున దాని సంరక్షణ విధానము

యెరూషలేము తాల్ముదునందు ఒక చిన్న కథ కలదు. పార్థియా ప్రభువైన అర్తబాను, రబ్బీ యెహూదా హ-నాసికి వెలకట్టరాని ముత్యమొకటి కానుకగా పంపి, దానికి సాటియైన వస్తువు నొకదానిని ప్రతిగా పంపుమని కోరెను. రబ్బీ ఒక మెజూజాను పంపెను. మిక్కిలి అల్పమైన వెలకు లభించు ఆ చర్మపత్రమును చూచి ప్రభువు ఆక్షేపించెను. అందుకు రబ్బీ, ప్రభువు పంపిన ముత్యమును తాను కాపలా కాయవలసి యున్నదనియు, తాను పంపిన మెజూజా యన్ననో నిద్రించుచున్న యజమానిని సైతము కాచుననియు బదులు చెప్పెను.

ఈ కథ విన్నవారికి సహజముగా ఒక సందేహము కలుగును. యజమానిని కాచునని చెప్పబడిన ఆ పత్రము చర్మముపై సిరాతో వ్రాసిన వ్రాత. చర్మము తడికి ఉబ్బును, ఎండకు ముడుచుకొనును; సిరా పగులును, వెలియును. అట్టి దానిని ఎవరు కాపాడవలెను? యూద ధర్మశాస్త్రము ఈ భారమును గృహయజమానిపైననే మోపినది. కాపాడుట యనగా భక్తితో మూసి యుంచుట కాదనియు, నియతకాలమున తెరచి అక్షరమక్షరము చూచుట యనియు ఆ శాస్త్రము యొక్క ఆశయము. పూజ్యమైన దానిని కదలింపరాదను భావము బలముగా నున్న సమాజములందు ఈ విషయము ప్రత్యేకముగా విచారింపదగినది.

పదవిచారము

హీబ్రూ భాషలో 'మెజూజా' అనగా ద్వారబంధపు నిలువు కమ్మి. ద్వితీయోపదేశకాండమున దేవుని వాక్యములను ఇంటి ద్వారబంధములపైనను, గవునులపైనను వ్రాయవలెనని విధి కలదు. ఆ విధిని అనుసరించి వాక్యములను చర్మపత్రముపై వ్రాసి ద్వారబంధమునకు బిగించుట ఆచారమైనది. కాలక్రమమున ద్వారబంధమును తెలుపు పదము దానిపై నుండు పత్రమునకు పేరైనది. ఆలంకారికుల పరిభాషలో ఇది ఆధారాధేయ సంబంధము చేత కలిగిన లక్షణ. మంచములు కేకలు వేయుచున్నవనగా మంచములపై నున్నవారు కేకలు వేయుచున్నారని గ్రహించుట వంటిది.

లోకవ్యవహారమున ఈ పదము మరియొక మెట్టు జరిగినది. పత్రమును దాచు వెండి, కొయ్య, గాజు మొదలగు వానితో చేసిన తొడుగును కూడ జనులు మెజూజా యనియే పిలుతురు. శాస్త్రదృష్టిలో తొడుగు ఉపకరణము మాత్రమే. విధి నెరవేరునది లోపలి పత్రము చేత. ఈ పదసంక్రమము వలన ఆచరణలో ఒక హానియు కలుగుచున్నది. అందమైన తొడుగును కొని ద్వారమునకు బిగించి, లోపల అచ్చువేసిన కాగితమున్నను, ఏమియు లేకున్నను గమనింపనివారు కలరు. కావున సంరక్షణలో మొదటి మెట్టు, రక్షింపవలసినది తొడుగు కాదు, పత్రమని తెలిసికొనుట.

లేఖన నియమములు

పత్రమున వ్రాయబడునవి ద్వితీయోపదేశకాండమందలి రెండు భాగములు: ఆరవ అధ్యాయమున 4 నుండి 9 వరకు, పదునొకండవ అధ్యాయమున 13 నుండి 21 వరకు గల వాక్యములు. మొదటిది దేవుని ఏకత్వమును, ఆయనను ప్రేమింపవలసిన విధిని చెప్పును. రెండవది ఆజ్ఞాపాలనము వలన కలుగు ఫలమును, ఉల్లంఘనము వలన కలుగు నష్టమును చెప్పును. మొత్తము 713 అక్షరములు. ఇవి 22 పంక్తులలో అమర్పబడును. వ్రాయువానిని 'సోఫెర్' అందురు. ఆహారమునకు అనుమతింపబడిన జంతువు యొక్క చర్మమును సంస్కరించి, దానిపై మొనతో గీతలు గీచి, పక్షి యీకతో గాని రెల్లుకలముతో గాని నల్లని సిరాతో వ్రాయవలెను. మాచికాయ కషాయము, తుమ్మజాతి చెట్ల బంక, అన్నభేది వంటి లోహలవణము కలిపి ఈ సిరాను చేయుదురు. అచ్చుపత్రము ఎంత స్పష్టముగా నున్నను విధికి పనికిరాదు.

నియమములలో మూడు సంరక్షణకు ముఖ్యములు. మొదటిది, ప్రతి అక్షరము చుట్టును ఖాళీ చర్మము ఉండవలెను. ఒక అక్షరము మరియొక అక్షరమును తాకరాదు. రెండవది, ప్రతి అక్షరము తన రూపమును సంపూర్ణముగా కలిగి యుండవలెను. మూడవది, అక్షరములు పాఠక్రమముననే వ్రాయబడవలెను. తరువాతి అక్షరమును ముందుగా వ్రాసి, విడిచిన దానిని వెనుక చేర్చుట చెల్లదు. తోరా గ్రంథమున ఒక అక్షరము లోపించినచో తరువాత దిద్దవచ్చును. మెజూజాలో క్రమనియమము వలన అట్లు దిద్దుటకు వీలులేదు. దోషమున్న చోటు నుండి తరువాతి భాగమంతయు చెరపి మరల వ్రాయవలెనన్నను, ఆ భాగమున దైవనామము వచ్చినచో దానిని చెరపుట నిషిద్ధము. కావున ఒక్క అక్షరము రూపు చెడిన పత్రము తరచుగా పూర్తిగా త్యాజ్యమగును.

ఒక అక్షరమునకు ఇంత ప్రాధాన్యమేల అనినచో, మొదటి వాక్యమే నిదర్శనము. 'ఎహాద్' అనగా ఒకడు. దాని చివరి అక్షరము 'దాలెత్'. ఆ అక్షరపు మూలయందలి చిన్న కోణము అరిగి గుండ్రమైనచో అది 'రేష్' అగును. పదము 'అహేర్' అనగా వేరొకడు అని చదువబడును. దేవుడొక్కడే యను వాక్యము దేవుడు వేరొకడను వాక్యముగా మారును. వ్యాకరణ మహాభాష్యమును చదివినవారికి ఇచ్చట ఇంద్రశత్రు పదము యొక్క ఉదాహరణము స్ఫురింపక మానదు. అచ్చట స్వరము తప్పిన యర్థము తారుమారైనది. ఇచ్చట సిరారేఖ అరిగిన యర్థము తారుమారగును. వైదిక సంప్రదాయము వర్ణమును, స్వరమును కంఠమున నిలిపి పద, క్రమ, జటా, ఘన పాఠములచే కాపాడినది. వ్రాతను చూచి చదువువానిని పాణినీయ శిక్ష అధమ పాఠకులలో చేర్చినది. మెజూజా విషయమున అక్షరము చర్మముపై నిలిచి యున్నది కనుక కంటిచేతనే కాపాడవలసి వచ్చినది. సాధనములు వేరైనను, ఒక్క వర్ణమునకైనను లోపము రాకూడదను దీక్ష ఒక్కటియే.

క్షయకారణములు

సంస్కరించిన చర్మము గాలిలోని తేమను పీల్చుకొనును, విడుచును. పీల్చినపుడు వ్యాకోచించి, విడిచినపుడు సంకోచించును. దానిపైనున్న సిరాపొర ఎండి గట్టిపడినదగుటచే చర్మముతో పాటు సాగజాలదు. చర్మము పదేపదే సాగి ముడుచుకొనుటచే సిరా పగిలి రేకులుగా లేచును. తాళపత్రమునకును దీనికిని భేదమిచ్చటనే యున్నది. గంటముతో గీచిన తాళపత్రమున అక్షరము గాడిలో నుండును. పైమసి పోయినను మరల మసి పూసి చదువవచ్చును. చర్మపత్రమున సిరా ఉపరితలముననే నిలిచి యుండును. అది రాలినచో అక్షరమే పోవును.

ఈ భేదమును గుర్తింపక, తాళపత్రములకు చేయు ఉపచారమును దీనికి చేయరాదు. నిమ్మగడ్డి నూనె మొదలగు తైలములు తాళపత్రమునకు మృదుత్వమునిచ్చును. చర్మపత్రముపై అవే తైలములు మరకలై సిరాను సడలించును. పసుపు, కర్పూరము, క్రిమిసంహార ద్రవములు కూడ పత్రమునకు తగులరాదు. మన లేఖకులు గ్రంథాంతమున తైలము నుండి, జలము నుండి, సడలిన కట్టు నుండి పుస్తకమును రక్షింపుమని ప్రార్థించు వాడుక ప్రసిద్ధము. ఆ ప్రార్థనలోని మొదటి రెండును మెజూజాకు యథాతథముగా అన్వయించును. మూడవది మాత్రము విపరీతముగా అన్వయించును. దీనికి సడలిన చుట్ట కంటె బిగించిన చుట్టయే ఎక్కువ హాని చేయును.

ఇక బాహ్యద్వారముల పత్రములకు ఎండయు వానయు ప్రధాన శత్రువులు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడు లోహపు తొడుగు లోపల మిక్కిలి వేడెక్కును. చర్మము గట్టిపడి పెళుసెక్కును, సిరా గోధుమవర్ణమునకు తిరుగును. వాననీరు తొడుగు పైభాగము నుండి జారి లోపల చేరును. తేమ అధికమై నిలిచినచో బూజు పట్టును. పురుగులు చర్మమును తొలుచును. వీనికి తోడు మనుష్యకృతములైన హానులు కలవు. ఇరుకైన తొడుగులో పత్రమును బలవంతముగా దూర్చుట, మేకు దిగవేయునపుడు పత్రమును చీల్చుట, గోడలకు రంగులు వేయించునపుడు తొడుగుపై కూడ రంగు పూయించుట అట్టివి. రంగు పూసిన తొడుగు తెరచుటకు రాక, లోపలి పత్రము సంవత్సరముల తరబడి ఎవరికిని కనబడక పోవుట సాధారణముగా జరుగు హాని.

గృహమున పాటింపదగిన విధులు

పత్రమును మడువరాదు, చుట్టవలెను. హీబ్రూ వ్రాత కుడి నుండి ఎడమకు సాగును గనుక, పంక్తుల చివరి వైపైన ఎడమ నుండి మొదలి వైపైన కుడికి చుట్టుదురు. అట్లు చుట్టిన, విప్పునపుడు 'షెమా' అను తొలిపదము ముందుగా కనబడును. పత్రపు వెనుకవైపున వ్రాయు 'షద్దై' అను దైవనామము బయటికి కనబడునట్లు ఉంచుదురు. చుట్ట వదులుగా నుండవలెను. తొడుగు లోపలి కొలత పత్రము కంటె కొంచెము పెద్దదిగా నుండునట్లు ఎన్నుకొనవలెను. తొడుగు చిన్నదని పత్రపు అంచులను కత్తిరించుట ఎన్నటికిని కూడదు. మిక్కిలి చిన్న పత్రములలో అక్షరములు సూక్ష్మములై, వ్రాయుటకును పరీక్షించుటకును కష్టమగును. కావున స్థలమున్నచోట మధ్యమ పరిమాణము మేలు.

బయటి ద్వారమునకు నీరు చొరని తొడుగు కావలెను. దాని పైమూతను, వెనుక అతుకును నీరు దిగకుండ మూయవలెను. అయినను అవసరమైనపుడు తెరచుటకు వీలుండవలెను. పత్రమును పలుచని కాగితముతో గాని ప్లాస్టిక్కుతో గాని చుట్టు వాడుక కలదు. తేమ నిలిచిన పత్రమును ప్లాస్టిక్కులో మూసినచో ఆ తేమ బయటికి పోజాలక లోపలనే చెమర్చును. కనుక పూర్తిగా ఆరిన పత్రమునే చుట్టవలెను. పత్రమునకు జిగురు అంటించుట, లామినేషన్ చేయించుట సర్వథా నిషిద్ధము. ఆ పని చేసిన పత్రమును మరల పరీక్షించుటకే వీలుండదు.

స్థాననియమము కూడ రక్షణకు తోడ్పడును. లోనికి ప్రవేశించువానికి కుడివైపున, ద్వారపు ఎత్తును మూడు భాగములు చేసి పైభాగపు మొదటిలో, కమ్మి వెలుపలి అంచునకు చేరువగా పత్రమును నిలుపుదురు. ఆ యెత్తున అది రాకపోకల రాపిడికి, నేలతడికి దూరముగా నుండును. పైనను క్రిందను గట్టిగా బిగించవలెను. వ్రేలాడదీసిన మెజూజా చెల్లదని తాల్ముదు వచనము. నిలువుగా నుంచవలెనా అడ్డముగా నుంచవలెనా యని మధ్యయుగమున వివాదము కలిగినది. నిలువుగా ననిన రాషీ మతమునకును, అడ్డముగా ననిన ఆయన మనుమడు రబ్బేను తామ్ మతమునకును రాజీగా ఏటవాలుగా నుంచు పద్ధతిని మోషే ఇస్సెర్లిస్ స్థిరపరచెను. అష్కెనాజీ యూదులు ఏటవాలుగను, సెఫార్దీలు నిలువుగను ఉంచుట నేటికిని కలదు. స్నానగృహములకును, మరుగుదొడ్లకును మెజూజా నిలుపరు.

రంగులు వేయించుటకు ముందు పత్రములను తీసి యుంచవలెను. ఒకేసారి పలు పత్రములను తీసినపుడు ఏది ఏ ద్వారమునకు చెందినదో ఒక చీటిపై గుర్తు వ్రాసి వేరువేరుగా ఉంచుట మంచిది. పత్రమును తాకునపుడు చేతులు శుభ్రముగను పొడిగను ఉండవలెను. అంటుకొనిన పొరలను గోటితో విడదీయరాదు.

పరీక్ష

గృహమందలి మెజూజాను ఏడు సంవత్సరములలో రెండుమార్లు పరీక్షింపవలెననియు, బహుజనులకు చెందిన ద్వారములందలి దానిని ఏబది సంవత్సరములలో రెండుమార్లు పరీక్షింపవలెననియు తాల్ముదు విధించినది. యోసెఫ్ కారో రచించి 1565లో వెనిస్‌లో ముద్రితమైన షుల్హాన్ ఆరుఖ్ గ్రంథమును ఈ విధినే స్వీకరించినది. బహుజనులకు గడువు దీర్ఘముగా నిచ్చుట వారిపై అధికభారము మోపకుండుటకు. ఇది కనీసపు గడువు మాత్రమే. ఎండవానలకు గురియగు ద్వారములకు ఇంకను తరచుగా చూచుట యుక్తము. నూతన సంవత్సరమునకు ముందు వచ్చు ఎలూల్ మాసమున ఏటేట చూచు ఆచారమును పలువురు పాటింతురు.

గృహస్థుడు స్వయముగా చూడదగినవి కొన్ని కలవు: తడిమరక, బూజు, సిరా రంగు మారుట, రేకులు లేచుట, చర్మము పెళుసెక్కుట. నిర్ణయము చేయువాడు మాత్రము సోఫెర్ గాని, శిక్షణ పొందిన పరీక్షకుడు గాని కావలెను. పగులు వచ్చిన ప్రతి అక్షరమును చెడినట్లు కాదు. రూపము నిలిచి యున్నచో పగులును సిరాతో పూడ్చుటకు కొన్ని సందర్భములలో అనుమతి కలదు. అది క్రొత్తగా వ్రాయుట కాదు గనుక క్రమభంగము కాదు. రూపము నిలిచినదా లేదా యని సందేహమైనపుడు తాల్ముదు చూపిన ఉపాయము మనోహరమైనది. మిక్కిలి తెలివిగలవాడు కాక, మందమతియు కాక యున్న బాలుని పిలిచి ఆ అక్షరమును చదువుమందురు. తెలివిగలవాడు సందర్భమును బట్టి ఊహించి చదువును; మందమతి సరిగా నున్న దానిని కూడ చదువలేడు. మధ్యముడైన బాలుడు కన్నులకు కనబడినదే చెప్పును. పండితుని ఊహ అక్షరదోషమును కప్పివేయునను ఈ సూక్ష్మము ప్రాచీనప్రతులను పరిష్కరించువారు ఎల్లరును స్మరింపదగినది.

ఇటీవలి దశాబ్దములలో పత్రమును స్కాన్ చేసి కంప్యూటరు చేత పోల్పించు పద్ధతియు వచ్చినది. విడిచిన అక్షరమును, రెండుమార్లు వ్రాసిన పదమును పట్టుటలో అది నేర్పరి. సన్నని పగులును, అక్షరముల స్పర్శను, రూపసందేహమును నిర్ణయించుటకు మనుష్యనేత్రమే శరణ్యము. కావున రెండును పరస్పరపూరకములు.

భారతదేశమున

కొచ్చి యూదులును, కొంకణ తీరమందలి బెనె ఇజ్రాయేలు సమాజమును మెజూజా ఆచారమును భారతదేశమున నిలిపిరి. కొచ్చిలోని పరదేశీ ప్రార్థనామందిరము 1568లో నిర్మితమైనది. 1948 తరువాత ఈ సమాజములలో పలువురు ఇజ్రాయేలునకు తరలిరి. తెలుగు మాటలాడు బెనె ఎఫ్రాయిము సమాజము గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమందలి కొత్తరెడ్డిపాలెమున కలదు. ఈ మూడును తీరప్రాంతములకు చెందినవే. నైరృతి ఋతుపవనపు తేమయు, దాని వెంట వచ్చు ఎండయు చర్మపత్రమును వ్యాకోచ సంకోచములకు గురిచేయు తీరు ఇట్టి వాతావరణమున తీవ్రముగా నుండును. అందుచే ఇట్టిచోట్ల వర్షాకాలము ముగిసిన పిమ్మట ఒకమారు తొడుగు తెరచి చూచుట ఏడేండ్లకు రెండుమార్లను నియమము కంటె క్షేమకరము.

రక్షకత్వ విచారము

మెజూజా గృహమును రక్షించునను నమ్మకము ప్రాచీనము. 1204లో దివంగతుడైన మైమోనిడీసు ఈ నమ్మకము హద్దు మీరుటను ఖండించెను. కొందరు పత్రము లోపల దేవదూతల నామములను, ముద్రలను చేర్చి వ్రాయుచుండిరి. దేవుని ఏకత్వమును, ప్రేమను బోధించు మహావిధిని స్వప్రయోజనము కొరకు రక్షరేకుగా దిగజార్చినారని ఆయన వారిని గర్హించెను. అట్టి చేర్పులు గల పత్రము చెల్లదని ఆయన నిర్ణయము. దీనిని బట్టి సంరక్షణకును ఒక హద్దు ఏర్పడుచున్నది. పత్రమును కాపాడుట తాయెత్తు శక్తి తగ్గకుండుటకు కాదు. ద్వారమును దాటు ప్రతివాడును స్మరింపవలసిన వాక్యము వ్రాసినది వ్రాసినట్లు నిలుచుటకు.

జీర్ణపత్రముల గతి

పరీక్షలో త్యాజ్యమని తేలిన పత్రమును పారవేయరాదు, కాల్చరాదు. అందు దైవనామము కలదు. దానిని 'గెనీజా' అను గుప్తస్థలమున నుంచుటయో, భూమిలో పూడ్చుటయో విధి. కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనామందిరపు గెనీజాలో ఇట్లు శతాబ్దముల తరబడి చేరిన పత్రరాశిని 1896-97లో సొలొమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి చేర్చెను. ఆ రాశిలో మధ్యయుగమున భారతదేశముతో వర్తకము చేసిన యూదుల లేఖలు కూడ లభించినవి. జీర్ణగ్రంథములను నదీజలములలో విడుచు వాడుక గల దేశమున ఎన్ని గ్రంథములు ఇట్లు మరల వెలికి రాకుండ పోయినవో ఊహింపవచ్చును.

దీనికి ప్రతిగా మరియొక దృశ్యము కలదు. పోలండు దేశపు పట్టణములలో పాత యిండ్ల ద్వారబంధములపై ఏటవాలుగా చెక్కిన గుంటలు నేటికిని అక్కడక్కడ కనబడును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆ యిండ్లవారు హతులైరి, పత్రములు పోయినవి, వానిని నిలిపిన చోటు మాత్రము మిగిలినది. 'మెజూజా' అను పదము అచ్చట మరల తన తొలి యర్థమైన ద్వారబంధమునకే చేరినది. అట్టి గుంటను చూచినపుడు, ఇల్లును పత్రమును కాచువాడు లేనిచో పత్రము ఎవరిని కాచునను ప్రశ్నకు వేరుగా సమాధానము చెప్పవలసిన పని లేదు.

రక్షింపబడిన ధర్మమే రక్షకమగునను భావము మన ధర్మశాస్త్రములందు సుప్రసిద్ధము. యెరూషలేము తాల్ముదు కథలోని రబ్బీ మాటను ఈ భావముతో కలిపి చదువవలెను. ముత్యమును మూసిన పెట్టెలో దాచినను ముత్యముగనే యుండును. మెజూజా అట్లు కాదు. తొడుగును తెరచి, చుట్టను విప్పి, 713 అక్షరములును నిలిచి యున్నవని చూచు చేయియు కన్నును గల యింటనే అది మెజూజాగా నిలుచును.